గీత తప్పిన పెడల్

మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై. పిన్నిగారు భోజనం డబ్బా తెరిచి రెండు ముద్దలు నోట్లో పెట్టుకుందో లేదో, అక్క కూతురు వచ్చి ఎదురుగా నిలబడింది. మెడలో ఐడీ కార్డు తిరగబడి ఉంది. మొహం చూస్తే పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా తాగినట్టు లేదు.

“పిన్నీ, మూడింటికి కమిటీ కూర్చుంటోంది. ఆ అమ్మాయిని రెండేళ్ళు డిబార్ చేస్తారట. పోలీసు కంప్లైంటు కూడా రాసి పెట్టేశారు.”

“అంత తొందరగా ఎవరు రాశారు?”

“ఇంకెవరు? మీసాల చీఫ్.”

పిన్నిగారు డబ్బా మూత పెట్టేసింది. ఆకలి చచ్చి కాదు. ఆ మనిషి ప్రస్తావన వస్తే ఆవిడకి ఆకలి పెరుగుతుంది, కాకపోతే అది అన్నంతో తీరే రకం కాదు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడ బస్సుల సంస్థలో ప్రమాదాల విచారణ చేసింది. విరిగిన ఇరుసుల్నీ తెగిన బ్రేకు పైపుల్నీ ముందేసుకుని, అవి ఎప్పుడు ఎలా పాడయ్యాయో తేల్చేది. మీసాల చీఫ్ ఇప్పుడీ ఇంజినీరింగ్ కాలేజీకి సెక్యూరిటీ అధికారి గాని, అప్పట్లో పోలీసు. తాగి బస్సు నడిపాడని ఒక డ్రైవర్ని లోపలేస్తే, పిన్నిగారు జానెడు పైపు ముక్క పట్టుకెళ్ళి కోర్టు బల్ల మీద పెట్టి ఆ డ్రైవర్ని ఇంటికి పంపించింది. అది జరిగి పన్నెండేళ్ళయినా ఆవిణ్ణి చూస్తే ఆ మీసం ఇప్పటికీ కాస్త లేచి నిలబడుతుంది.

నిజానికి ఆవిడ ఇక్కడికొచ్చింది విచారణకి కాదు, సాయానికి. కాలేజీలో లెక్చరర్‌గా ఉన్న అక్క కూతురే ఈ విద్యార్థుల పోటీ నిర్వహిస్తోంది. మోటారు లేకుండా, వెనక్కి వాలి పడుకుని తొక్కే మూడు చక్రాల బండ్లు. ఇరవై రెండు జట్లు, ఎవరి బండి వాళ్ళు సొంతంగా తయారుచేసి తెచ్చుకున్నారు. “రెండు రోజులు వాలంటీర్లుగా రా పిన్నీ, బాబాయ్‌ని కూడా తీసుకురా” అని అడిగితే సరేనంది. భర్త రిటైరైన లైబ్రేరియన్. ఇంట్లో ఒక్కణ్ణీ వదిలేస్తే సర్దిన బీరువానే మళ్ళీ సర్దే మనిషి. ఆయన చేతికి స్టాప్‌వాచీ ఇచ్చి టైము రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నిన్న సాయంత్రానికల్లా పిల్లలందరికీ తాతగారైపోయాడు.

పిన్నిగారికిచ్చిన పని పసుపు గీతలు. నిన్నంతా బండ్ల తనిఖీ జరిగింది. వర్క్‌షాపు మెకానిక్ ఒక్కో బోల్టూ బిగింపు చూసి “ఓకే” అనగానే, ఆవిడ పెయింటు పెన్నుతో బోల్టు మీంచి పక్క ఇనుము మీదకి ఒకే గీత గీసేది. తర్వాత ఆ బోల్టు ఏ కాస్త కదిలినా గీత రెండు ముక్కలై పక్కకి జరుగుతుంది. కాయితాలూ సంతకాలూ అక్కర్లేని సాక్ష్యం అది.

ఇవాళ పొద్దున ఎనిమిదీ పదికి బ్రేకు పరీక్షకి మొదటి బండి వచ్చింది. నడిపే కుర్రాడు బలంగా తొక్కి సరిగ్గా బ్రేకు వెయ్యబోయే ముందు ఎడమ పెడల్ ఊడి కాలితోపాటు కింద పడింది. కాలు నేలకి తగులుకుని బండి పల్టీ కొట్టింది. కుర్రాడికి భుజం దగ్గర ఎముక విరిగింది. ప్రాణానికేం భయం లేదని ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. చీఫ్ వెంటనే మిగతా బండ్లన్నిటి చుట్టూ తాడు కట్టించి, ఎవరూ ఏదీ ముట్టుకోకూడదని ఆర్డరేశాడు. పదింటికల్లా అనుమానితురాలు కూడా దొరికింది.

“ఆ అమ్మాయి ఎక్కడుంది?” అంటూ లేచింది పిన్నిగారు.

* * *

డ్రాయింగు హాలు పక్క గదిలో ఉంది. తలుపు దగ్గర గార్డు. లోపల పొడుగు బల్ల, చుట్టలు చుట్టి నిలబెట్టిన చార్టులు. అమ్మాయి ఏడవడం లేదు. గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజుని అగ్గిపుల్లతో తీసుకుంటోంది. బల్ల మీద పెట్టిన భోజనం అలాగే ఉంది.

“లేవకు, కూర్చో. నన్నందరూ పిన్నిగారంటారు.”

“తెలుసండీ. నిన్న మా బండికి గీతలు గీసింది మీరేగా.”

“నిన్ను స్పోక్ అంటారట?”

“సన్నగా పొడుగ్గా ఉంటానని. మా నాన్నది సైకిల్ రిపేరు షాపు, అదీ ఒక కారణం.”

“నువ్వు రిపేర్లు ఎప్పట్నుంచి చేస్తున్నావు?”

“ఏడో ఏట నుంచి. మొదట పంక్చర్లే.”

“అయితే పెడల్ విప్పడం నీకు కళ్ళు మూసుకుని చేసే పని.”

స్పోక్ తలెత్తి చూసింది. “మీరూ అదే అంటారా?”

“నేనేమీ అనడం లేదు తల్లీ, అడుగుతున్నాను. ఏడింటి నుంచి ఏడూ నలభై అయిదు దాకా జట్లన్నిటికీ హాల్లో మీటింగు. రిజిస్టర్లో నీ సంతకం లేదు. ఎక్కడున్నావు?”

“మా బండి కింద. చైను జారుతోంది. మావాళ్ళని మీటింగుకి పంపి నేను ఉండిపోయా.”

“ఏడూ నలభైకి, దెబ్బ తగిలిన కుర్రాడి బండి పక్కన నువ్వు స్పానర్ పట్టుకుని వంగి ఉండగా గార్డు చూశాడు.”

“చూశాడు. నా స్పానర్ అక్కడ నేల మీద పడి ఉంటే తీసుకున్నా. పదిహేను నంబరు. పిడి మీద మా షాపు గుర్తు కూడా ఉంది.”

“నీ స్పానర్ అక్కడికి కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిందా?”

“ఎవరో అడిగి తీసుకున్నారండీ. ఏడు దాటింది అప్పుడే. నేను వెల్లకిలా పడుకుని చైనుతో కుస్తీ పడుతున్నా. ‘తల్లీ, ఆ స్పానర్ ఒకసారి ఇస్తావా, పనయ్యాక తెచ్చిస్తా’ అన్నారు. కిందనుంచే చెయ్యి చాపి ఇచ్చేశా.”

“మనిషిని చూడలేదా?”

“బండి కింద నుంచి మోకాళ్ళ దాకే కనబడతారు. నల్ల బూట్లు. వాలంటీర్లు వేసుకునే ఆకుపచ్చ కోటు అంచు. గొంతుని బట్టి పెద్దాయనే. మర్యాదగా మాట్లాడారు.”

“ఈ సంగతి చీఫ్‌కి చెప్పావా?”

“చెప్పా. ‘కట్టుకథలు కోర్టులో చెప్పుకో’ అన్నారు.” అగ్గిపుల్ల విరిగింది. “పిన్నిగారూ, ఆ జట్టుతో నిన్న నేను గొడవ పడ్డమాట నిజం. ప్రాక్టీసుకి మా టైము వాళ్ళు తినేశారు, నాలుగు మాటలన్నా. కానీ పెడల్ ఊడితే మనిషి ఏమవుతాడో నాకు తెలుసు. షాపుకి అలాంటి సైకిళ్ళు వస్తాయి, వాటి మీద పడ్డవాళ్ళూ వస్తారు. డిబారైతే చదువు ఆగిపోతుంది, సరే. కంప్లైంటని కాయితం మా నాన్న చేతికి వెళ్తే? ఆయన చేత్తో నేర్పిన పనితోనే నేనిది చేశానని చదువుకోవాలా ఆయన?”

పిన్నిగారు భోజనాన్ని ఆ అమ్మాయి ముందుకి జరిపింది. ఏడ్చే పిల్లల్ని ఓదార్చడం ఆవిడకి వచ్చుగాని, ఏడవకుండా ఇలా బిగబట్టుకుని కూర్చున్నవాళ్ళతో ఏం చెయ్యాలో మాత్రం తెలియదు.

“ముందు అన్నం తిను. నేను ఆ బండితో మాట్లాడి వస్తా” అంది.

* * *

బండి వర్క్‌షాపు షెడ్డులో ఒక మూల ఉంది. గార్డు బతిమాలించుకోకుండానే తాళం తీశాడు. పిన్నిగారు మోకాళ్ళ నొప్పుల్ని పక్కనపెట్టి గోనెసంచీ పరుచుకుని కూర్చుంది. కళ్ళజోడు మార్చుకుంది. నిన్న తనిఖీ చేసిన వర్క్‌షాపు మెకానిక్ టార్చి పట్టుకున్నాడు.

మొదట ఎడమవైపు చూసింది. పెడల్ని పట్టుకుని ఉండే ఇనప చెయ్యిని క్రాంకు అంటారు. ఆ క్రాంకు బెజ్జంలో మర చుట్లు సగం బాగున్నాయి, చివర రెండు మూడు మాత్రం నలిగి తెల్లగా మెరుస్తున్నాయి. అంటే పెడల్ పూర్తిగా వదులై పడిపోలేదు. అంచున రెండు చుట్ల మీద వేలాడుతూ ఉండి, తొక్కుడికి పీక్కుని వచ్చేసింది. పక్కనే పెట్టిన పెడల్ మీద స్పానర్ జారిన గీత ఒకటి సన్నగా ఉంది. గడియారం ముల్లు తిరిగే వైపుకి.

“మేడమ్!” వెనక నుంచి గొంతు. “వాలంటీర్ల డ్యూటీ మంచినీళ్ళ దగ్గర.”

“నీళ్ళు అయిపోయాయి చీఫ్ గారూ. అందుకే ఇటొచ్చా.”

మీసాల చీఫ్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో వాకీటాకీ, చంకలో ఫైలు. “కేసు ముగిసింది. ఆ గీత మీరూ చూశారుగా. వివరిస్తాను వినండి, మళ్ళీ కోర్టులో పైపు ముక్క తెస్తారేమో. మామూలు నట్టు దేన్నైనా కుడివైపుకి తిప్పితే బిగుస్తుంది. సైకిల్ ఎడమ పెడల్ ఒక్కటే తిరగబడి ఉంటుంది, దాని మర తిరకాసు మర. కుడికి తిప్పితే వదులవుతుంది. దాన్ని కుడికే తిప్పారు. అంటే ఆ రహస్యం తెలిసిన మనిషి. సైకిల్ షాపువాడి కూతురికి గాక ఇంకెవరికి తెలుస్తుంది?”

“బాగుంది” అంది పిన్నిగారు. వెటకారం కాదు, నిజంగానే అంది. పన్నెండేళ్ళ కింద ఈ మనిషి ఇంత దూరం ఆలోచించేవాడు కాదు.

“మరింకేం?”

“మీరు ఊడిన పెడల్ చూశారు. ఊడని పెడల్ చూశారా?”

“ఊడనిదాన్ని చూడ్డమెందుకు?”

“నేను బస్సుల్లో నేర్చుకున్న పని ఇదొక్కటే. ఎడమ చక్రం పోతే ముందు కుడి చక్రం చూడాలి.” ఆవిడ సంచీతో సహా కుడివైపుకి జరిగింది. “రండి, కూర్చోండి. ప్యాంటు మాసిపోతుందనుకుంటే వంగి చూడండి.”

చీఫ్ వంగలేదు. తర్వాత వంగాడు.

కుడి పెడల్ ఇరుసు మీంచి క్రాంకు మీదకి నిన్న పిన్నిగారు గీసిన పసుపు గీత ఇప్పుడు ఒక్క గీత కాదు. రెండు ముక్కలు. ఇరుసు మీద ముక్క బియ్యపుగింజంత ముందుకి జరిగింది, గడియారం ముల్లు తిరిగే వైపుకే. ఆవిడ టార్చి వెలుగుని ముందు చక్రం నట్టు మీదకి తిప్పించింది. అక్కడా గీత తప్పింది. వెనక చక్రాలు రెంటికీ అంతే. కుడికి, కుడికి, కుడికి.

“మనిషిని పడేద్దామని వచ్చినవాడు” అంది నెమ్మదిగా, “ఎడమ పెడల్ వదులు చేసి అక్కడితో ఆగకుండా, కుడి పెడల్ని, మూడు చక్రాల నట్లనీ ఓపిగ్గా ఒక్కొక్కటే బిగించి వెళ్ళాడంటారా? దొంగతనానికొచ్చి ఇంటివాళ్ళ కిటికీ గడియలు సరిచూసి పోయేవాణ్ణి మీ సర్వీసులో చూశారా?”

చీఫ్ మీసం సవరించుకున్నాడు.

“ఇది చేసిన మనిషికి ఎడమ పెడల్ సంగతి తెలియదు. తెలియకే అన్నిటినీ ఒకే వైపుకి తిప్పాడు. నాలుగు బిగుసుకున్నాయి, ఐదోది ఊడింది. ఏడో ఏట నుంచీ సైకిళ్ళు విప్పుతున్న పిల్ల ఈ తప్పు చెయ్యమన్నా చెయ్యలేదు.”

“అంటే... మంచి చెయ్యబోయి?”

“అవును. కోపంతో చేసింది కాదిది, జాలిపడి చేసింది.”

చీఫ్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. ఓడిపోయినప్పుడు అరవడం మానేశాడని పిన్నిగారు గమనించింది. అది ఇంకా ప్రమాదం. “మేడమ్, మీ లెక్క బాగానే ఉంది. కమిటీకి లెక్కలొద్దు, మనిషి కావాలి. మీటింగు టైములో బండ్ల దగ్గర ఉండగలిగింది వాలంటీర్లే. ముప్పై నలుగురు. ఎవరు? చెప్పండి, ఈ ఫైలు మీ ముందే చింపేస్తాను. చెప్పలేకపోతే మూడింటికి ఇందులో ఉన్న పేరే చదువుతాను. తల్లిదండ్రుల ముందు, అందరి ముందు.”

“ఆ పిల్ల చెయ్యలేదని తెలిసి కూడానా?”

“నాకు తెలిసింది వేరు, నేను చూపించగలిగేది వేరు. ఆ తేడా నాకు నేర్పింది మీరే.”

ఆ దెబ్బ సరిగ్గానే తగిలింది. ఇంతలో పక్కన మెకానిక్ మూలిగాడు. కుడి పెడల్ మర చూద్దామని స్పానర్ తగిలించి రెండు చేతులా లాగుతున్నాడు. అది కదిలితే ఒట్టు.

“ఎవరు బిగించారండీ బాబూ దీన్ని! పైపు తొడిగి లాగితే తప్ప రాదు. దీనికి ఇంత బలమెందుకు? ఇనప్పెట్టె అనుకున్నాడా?”

పిన్నిగారి చెయ్యి కళ్ళజోడు మీదే ఆగిపోయింది.

ముప్పై ఆరేళ్ళ కాపురం. వంటింట్లో ఆవిడ చేత్తో తియ్యగలిగిన సీసా మూత ఒక్కటి లేదు. నూనె డబ్బా దగ్గర్నుంచి మందు సీసా దాకా ఆయన మూత పెట్టాడంటే మళ్ళీ ఆయనే వచ్చి తియ్యాలి. కుళాయి కట్టేస్తే మర్నాడు పొద్దున పనిమనిషి నానా తిట్లూ తిట్టుకోవాలి. “కాస్త చూసి బిగించండి మహానుభావా” అంటే, “లూజుగా ఉంటే నాకు నిద్ర పట్టదోయ్” అంటాడు. పొద్దున ఏడు దాటాక పెద్దాయన. మర్యాదగా మాట్లాడే మనిషి. పనయ్యాక తెచ్చిస్తానన్న మనిషి. నల్ల బూట్లు.

షెడ్డులో ఉన్నవాళ్ళకి ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటున్నట్టే కనిపించింది.

“నాకు పది నిమిషాలివ్వండి” అంది.

చీఫ్ కళ్ళు చిట్లించాడు. ఇరవై ఏడేళ్ళు జనం మొహాలు చదివినవాడు. “తెలిసిపోయింది మీకు.”

“పది నిమిషాలన్నాను.”

“మీకు కావలసిన మనిషా?”

పిన్నిగారు సంచీ మడిచి మెకానిక్ చేతికిచ్చి బయటికి నడిచింది.

* * *

షెడ్డు నుంచి పోటీ జరిగే ఏటవాలు రోడ్డు అడుగుదాకా మామూలుగా అయితే నాలుగు నిమిషాలు. ఆవిడకి ఏడు పట్టింది. మైకులో ఏదో చెబుతున్నారు: పొద్దున పోయిన టైము పూడ్చుకోవాలని, తాళ్ళు విప్పామని, మొదటి వరస బండ్ల ఏటవాలు పరుగు రెండూ నలభై అయిదుకే మొదలని. ఆ మాటలు చెవిన పడ్డాయిగాని బుర్రకెక్కలేదు. ఆవిడ బుర్రంతా ఒకటే. నోరు మూసుకుంటే ఆ పిల్ల పోతుంది. నోరు విప్పితే ఈయన పోతాడు. ఒకరి వస్తువు చెయ్యి జారి పగిలితే మూడు రోజులు అన్నం సయించని మనిషి. తన వల్ల ఒక కుర్రాడి ఎముక విరిగిందని తెలిస్తే ఏమవుతాడు?

టైము బల్ల రోడ్డు అడుగున, గొడుగు కింద ఉంది. రోడ్డు పైన మూడు వందల గజాల దూరంలో పిల్లలు గుమికూడి ఉన్నారు. ఆయన పెన్సిళ్ళు చెక్కి వరసగా పేర్చుకుని, స్టాప్‌వాచీ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. భార్యని చూడగానే మొహం విప్పారింది.

“ఏమోయ్, తిన్నావా? నీకోసం కుర్చీ తుడిచి ఉంచా.”

పిన్నిగారు కూర్చుంది. ఎన్నో వందలమందిని అడిగిన మనిషికి మొదటి ప్రశ్న ఎలా వెయ్యాలో తెలియలేదు.

“ఏమండీ, పొద్దున మీరు ఎవరి దగ్గరైనా స్పానర్ తీసుకున్నారా?”

“అదే! పొద్దుటి నుంచీ అదే బాధ నాకు.” ఆయన నొచ్చుకుంటూ అన్నాడు. “తెచ్చిస్తానని చెప్పి తీసుకున్నా ఒక పిల్ల దగ్గర. ఇంతలో మైకులో టైము బల్ల దగ్గరికి రమ్మంటే కంగారులో అక్కడే పెట్టేసి వచ్చా. ఎవరి వస్తువు వాళ్ళకివ్వకపోతే ఎంత తప్పు. ఆ పిల్ల కనిపించిందా నీకు?”

“కనిపించింది. దానితో ఏం చేశారు?”

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ముట్టుకోకూడదని రూలుంది, తెలుసు. మీ అక్క కూతురికి చెప్పకు. నిన్న తనిఖీలో లూజు బోల్టని ఒక బండిని వెనక్కి పంపేశారు చూడు, ఆ పిల్లలు మూల కూర్చుని ఏడ్చారోయ్. నాకు రాత్రంతా అదే. పొద్దున అందరూ మీటింగుకి పోయారు, నేను ఖాళీయే. పసుపు గీతలున్నవన్నీ ఒకసారి గట్టిగా బిగించి పెడితే వీళ్ళకి ఆ గండం ఉండదుగదా అనుకున్నా.”

“పసుపు గీతలున్నవన్నీ” అంది పిన్నిగారు.

“నువ్వు గుర్తులు పెట్టావుగా, బిగించాల్సినవని.”

ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది. నిన్న టైము రాసే పనేమీ లేక సాయంత్రం దాకా ఈయన పక్కనే కూర్చుని తను గీతలు గీస్తుంటే పెన్ను మూత పట్టుకున్నాడు. ఆ గీత ఎందుకో ఒక్కమాట చెప్పాలని తనకి తోచలేదు. తెలిసే ఉంటుందిలే అనుకుంది.

“ఎడమవైపు పెడల్...”

“అదేనోయ్ విడ్డూరం! కుడివన్నీ గట్టిగా ఉన్నాయి, ఎడమవే అన్యాయంగా ఉన్నాయి. ఒక్క పట్టు పట్టగానే తేలిగ్గా తిరిగిపోయాయి. ఐదారు చుట్లు తిప్పి బాగు చేశా. అయినా చూడు, నేనంత గట్టిగా బిగించాక కూడా ఏ దుర్మార్గుడో వచ్చి ఆ కుర్రాడి పెడల్ ఊడదీశాడు. వాడి చేతులు పడిపోను.”

“ఏమండీ.” పిన్నిగారు ఆయన చెయ్యి పట్టుకుంది. “సైకిల్ ఎడమ పెడల్ కుడికి తిప్పితే బిగియదు. ఊడుతుంది.”

ఆయన నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. మెల్లగా, తన కుడి చేతిని చూసుకున్నాడు. గాలిలో ఒకసారి తిప్పి చూసుకున్నాడు. జీవితంలో సైకిలెక్కని మనిషి.

“అయితే... ఆ దుర్మార్గుణ్ణి...”

“మీకు తెలియక జరిగింది. దానికి ఒక అమ్మాయిని పట్టుకున్నారు, ఆ స్పానరిచ్చిన పిల్లనే. మూడింటికి...” అని చెప్పబోతూ ఆవిడ మధ్యలో ఆగిపోయింది. ఇప్పటిదాకా చెవి దగ్గరే ఆగిన మాట ఒకటి అప్పుడు లోపలికి దిగింది. ఎడమవే అన్యాయంగా ఉన్నాయన్నాడు. ఎడమది అనలేదు.

“ఎన్ని బండ్లకి బిగించారు?”

“మొదటి వరసంతా. ఏడు.”

ఒకటి షెడ్డులో ఉంది. మిగతా ఆరింటినీ పొద్దుటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోనివ్వలేదు. పిన్నిగారు తలెత్తి చూసింది. రోడ్డు పైన ఆరు బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఆరుగురు పిల్లలు హెల్మెట్లతో వెనక్కి వాలి కాళ్ళు పెడళ్ళ మీద పెట్టారు. జెండా పట్టుకున్న చెయ్యి పైకి లేచి ఉంది.

“ఆపండి!” అని అరిచింది. పైన చప్పట్లు, ఈలలు. వినబడే దూరం కాదు.

జెండా దిగింది.

పక్కన కుర్చీ పడిపోయిన చప్పుడైంది. ఆవిడ తిరిగి చూసేసరికి ఆయన బల్ల దగ్గర లేడు. మెట్లెక్కాలంటే రెయిలింగు పట్టుకునే మనిషి, గడ్డి దాటి, ఇటుకల గట్టు దాటి రోడ్డు నడిమధ్యకి వెళ్ళిపోయాడు. చేతులు రెండూ బార్లా చాపి, వచ్చే బండ్లకి ఎదురుగా నిలబడ్డాడు. ఆకుపచ్చ కోటు గాలికి ఎగురుతోంది.

“ఏమండీ!” పిన్నిగారి గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది.

ఆవిడ వెంటపడి వచ్చిన చీఫ్ అప్పుడే రోడ్డు మలుపు దగ్గరికి చేరాడు. ఏం జరుగుతోందో అడగలేదు. వాకీటాకీ నోటికి ఆనించి, “రోడ్డు మీద మనిషి! బ్రేకులు, బ్రేకులు వెయ్యమనండి!” అని కేకపెట్టాడు. మరుక్షణం మైకు అదే మాట అరిచింది. ఆరు బండ్లూ కీచుమంటూ అటూ ఇటూ ఊగాయి. రెండు గడ్డిలోకి దిగిపోయాయి. ఒకటి గట్టుకి రాసుకుంటూ ఆగింది. అన్నిటికన్నా ముందున్నది ఆయన మోకాళ్ళకి మూరెడు దూరంలో నిలిచిపోయింది. ఆయన కదల్లేదు.

మూడో బండిలో అమ్మాయి లేవబోతూ ఎడమ కాలు పక్కకి తీసింది. కాలితోపాటు పెడల్ కూడా వచ్చి టక్కున రోడ్డు మీద పడింది.

చీఫ్ ఆ పెడల్ వంక చూశాడు. రోడ్డు మధ్యలో ఇంకా చేతులు చాపుకునే నిలబడి ఉన్న ముసలాయన వంక చూశాడు. “ఎవరు మేడమ్ ఆ పెద్దాయన?”

పిన్నిగారు చీఫ్ చంకలో ఫైలు తనే లాగి తీసుకుని, కంప్లైంటు ఉన్న కాయితం తెరిచి, పెన్నుతో సహా ఆయన చేతిలో పెట్టింది.

“మా ఆయన. ఆ అమ్మాయి పేరు కొట్టేసి, అక్కడ ఈయన పేరు రాసుకోండి. నేను చెబుతాను, రాయండి.”